కూర్మమ్మ కన్ను

కిటికీ కూడా ఏసీసినావేటే బుల్లీ? ఏసీ, ఏసీ. పెణక సందుల్లో కూడా ఇంత మట్టి మెత్తీ. మీ అప్ప కన్ను అందులోంచి దూరి ఒచ్చీగల్దు.

ఇంత ఎండలో సీపురుపల్లి నుంచి బండి కట్టించుకుని ఒచ్చానే, సొంత సెల్లెలింటికి. నన్ను అల్లంత దూరాన సూసి వీధి తలుపు దడాల్న ఏసి గడియెట్టినావు. ఈ అరుగు మీద కుక్క పడుకునుంది. దాన్ని లెగమన్నోళ్లు నేరు. కూర్మమ్మకి మాత్రం గడియ!

ఏటీ? గట్టిగా అను, తలుపడ్డం ఉంది, ఇనబడదు.

ఊఁ. తలుపుకి ఆనుకునే నిలబడ్డావని నాకు తెల్దనుకున్నావా? నీ గాజుల సప్పుడు ఇనబడతంది. కింద సందులోంచి నీ కోక అంచు కనబడతంది. ఆ పొందూరు నేత కోక నీకెట్టింది నానే. తవిటమ్మ పుట్టినప్పుడు ఎట్టాను.

సరే, నిలబడే ఇను. నాను సెప్పాల్సింది సెప్పీసి ఎళ్లిపోతాను. కాదు, ఎళ్లను. పిల్లని తీసుకునే ఎళ్తాను.

ఇందాక కిటికీలోంచి దాన్ని సూసానే. పట్టపగలు, గోడవేపు మొహం ఎట్టి కూకుంది. "తవిటీ" అని పిలిస్తే నావేపు కాదు, దేవుడి గూటివేపు తిరిగి నవ్వినాది. కళ్లు సగమే తెరిసింది, ఎలుతురు ఓర్సుకోనేకపోతంది. నాలుగేళ్ల గుంట! నా గొంతు ఇని నవ్వినాది గాని నానెక్కడున్నానో దానికి తెలీనేదు.

అంతలో నువ్వొచ్చి కిటికీ ఏసీసినావు. నీ బయం ఏటే? నాను దాన్ని సూసీసినాననా? అది నన్ను సూడనేకపోయిందని నీకు బయమెయ్యనేదా?

ఆ పిల్లకి కళ్లు పోతన్నాయే బుల్లీ. సల్లగా, సప్పుడు నేకుండా పోతన్నాయి. నువ్వేమో నా కళ్ల గురించి ఆలోసిస్తన్నావు.

జోగయ్య ఏటన్నాడో నాకు తెలిసిందిలే. మీ ఊరి బండోడు సంతలో కనబడ్డాడు. మొహం పక్కకి తిప్పుకుని సెప్పినాడు పాపం, నాకెదురుగా నిలబడ్డానికి ఆడికీ బయమే. దిష్టి తీసే జోగయ్య ఒచ్చినాడంట, నిమ్మకాయ కోసినాడంట, పిల్ల కళ్లలో ఊదినాడంట. "ఇది ఇంటి మనిషి కన్ను, ఆడమనిషి కన్ను. ఆ మనిషి నలుగురి ముందర తన నోటితో ఒప్పుకోవాలి, తన సేత్తోనే దిష్టి తియ్యాలి. అప్పుడు గాని సూపు రాదు" అన్నాడంట.

భలే మందు సెప్పినాడు! ఎవరు ఒప్పుకుంటారని? ఒప్పుకోపోతే, పిల్లకి సూపు రాపోతే, తప్పు జోగయ్యది కాదు గదా. హాయిగా ఎదురింటి అరుగు మీద కూకుని సుట్ట కాలుస్తన్నాడు సూడు. ఏం జోగయ్యా, బాగున్నావా? మొహం దించుకుంటావేటి? నా వేపు సూస్తే నీకూ తగుల్తాదా?

నాను ఒప్పుకోను. ముందే సెప్తన్నాను బుల్లీ. నా పీక మీద కత్తెట్టినా నాను ఒప్పుకోను. నేని తప్పు ఎలగ ఒప్పుకుంటాను?

అమ్మ పోయినప్పటికి నీకింకా నడకే రాదు. నా సంకలోనే గదా పెరిగినావు? నాను నీళ్లకెళ్తే ఒక సంకలో బిందె, ఇంకో సంకలో నువ్వు. నూర్పుల రోజుల్లో నీ కంట్లో ఊక పడితే, నువ్వు గుక్క పట్టి ఏడిస్తే, నాలిక కొసతో తీసానే నాను. నీ కంట్లోకి కన్నెట్టి సూసాను. అప్పుడేటి సేసింది నా కన్ను నిన్ను? బాగానే ఎదిగినావు గదా, తలుపులు మూసీ అంత ఎదిగినావు.

ఏడుస్తన్నావేటే? ముక్కు ఎగబీల్చకు. నీ ఏడుపు నాకు కొత్తా?

నీ మొదటి ఇద్దరు పోయినప్పుడు నానిక్కడ ఉన్నానా? సెప్పు. మీ బావని ఒరిస్సాలో కుర్దా రోడ్డు టేసన్‌కి ఏసినారు, రైలు కంపెనీ ఉద్యోగం, నానూ అక్కడే ఉన్నాను. అక్కడోళ్ల మాటే నాకు తెలీదు, బజారుకెళ్లి సేత్తో సూపించి కూరగాయలు తెచ్చుకునీదాన్ని. నీ పెద్దోడికి జొరం ఒచ్చిందని, పోయినాడని, కబురు ఒకేపాలి తెలిసింది నాకు. రెండోదానికి ఇరేసనాలు పట్టుకున్నాయి, మీ అత్త మంచినీళ్లు కూడా పట్టించొద్దన్నాది. "నీళ్లు తాగితే మరీ ఎక్కువవుతాది" అన్నాది. ఆ పసిగుడ్డు పెదాలు ఎండిపోయి పోయింది. నాను తిరిగొచ్చినాక నువ్వే సెప్పి ఏడిసినావు, నా ఒళ్లో తలెట్టుకుని.

మరి ఆ ఇద్దరికీ ఎవరి కన్నే? ఆళ్లకి బొగ్గు బొట్లు పెట్టనేదా? నల్లతాళ్లు కట్టనేదా? పులిగోరు ఎయ్యనేదా? అన్నీ సేసినారు గదా! లేకపోతే నా కన్ను కుర్దా రోడ్డులో మెయిలు ఎక్కి, సీపురుపల్లిలో దిగి, మీ ఇంటికొచ్చి కూకుందా? టిక్కెట్టు కొన్నాదేమో అడగండి.

మూడోది పుట్టింది. నీకు గుర్తుందా, నువ్వు పిల్ల మొహం కూడా సూడ్నంటివి. సూస్తే పోతాదని. పురిటి మంచం మీద గోడవేపు తిరిగి పడుకున్నావు. మీ అత్త గున్నమ్మే అప్పుడు మా ఇంటికొచ్చింది. అప్పటికి మేం సీపురుపల్లి ఒచ్చీసినాం. అడ్డపొగ సుట్ట తీసి గోడవార పెట్టి, నా రెండు సేతులూ పట్టుకున్నాది. "అమ్మా కూర్మమ్మా, మా పిల్లని నువ్వు తీసుకోవాలి, నీ దగ్గర్నుంచి మేం తవుడిచ్చి కొనుక్కుంటాం" అన్నాది.

నానేల అని అడిగాను. ఊళ్లో పదిమంది పిల్లల తల్లులుండగా నానేల?

ఏటన్నాదో తెలుసా? ఏ మొహమాటం నేకుండా అన్నాది. "సంతు నేని ఇంటివేపు యముడు సూడడు. నీ దగ్గర్నుంచి కొన్న పిల్ల అంటే దాని జోలికి రాడు" అన్నాది.

గొడ్రాలని ముఖాన్నే అన్నాది. నానేటి అన్నాను? ఒస్తాననే అన్నాను. ఆ మాట నా గుండెలో గుచ్చుకునే ఉన్నాది, అలగే ఒచ్చాను. నా సెల్లి గోడవేపు తిరిగి పడుకునుందని ఒచ్చాను.

మీ పెరట్లో పెంటకుప్ప పక్కన సేటలో పడుకోబెట్టినారు దాన్ని. ఎర్రగా, తడితడిగా, పిడికిలి మూసుకుని. నాను తీసి గుండెకి అదుముకున్నాను. తల నుంచి నూనె వాసన. నా మెడ కింద దాని ఊపిరి. ఎంతసేపులే, మీ అత్త తవుడు కొలిసి నీ ఒళ్లో పోసి, నిన్ను పెరట్లోకి నడిపించుకొచ్చినంత సేపు. ఆ కాస్తసేపూ అది నా పిల్లే.

నువ్వొచ్చి "అప్పా, పిల్లనమ్ముతావా?" అన్నావు. అలగే అడగాలని మీ అత్త సెప్పింది. "అమ్ముతాను, ఏటిస్తావు?" అన్నాను నాను. అదీ ఆవిడ సెప్పిన మాటే. "తవుడిస్తాను" అన్నావు.

ఇచ్చినాను. సేతులు రానన్నాయి, అయినా ఇచ్చినాను. తవుడు నా కొంగులో పోసినావు. అందరూ నవ్వినారు. పిల్లకి తవిటమ్మని పేరెట్టినారు. నువ్వు మొదటిసారి దాని మొహం సూసి నా కాళ్ల మీద పడ్డావు. "ఇది నీ పిల్లే అప్పా, నాను పెంచుతానంతే" అన్నావు.

అన్నావా, నేదా? నా వేపు సూసి సెప్పక్కర్లేదు, తలుపు ఎనకనుంచే సెప్పు.

ఆ మాట నమ్మానే నాను. అదే నాను సేసిన పిచ్చి పని. ఎవరేటన్నా పడ్డాను గాని, నువ్వన్నది నమ్మాను.

నాలుగేళ్లు! సంతకి బండి ఒస్తందంటే సాలు, ఎక్కి కూకునీదాన్ని. మీ బావ నవ్వీవోడు, "నీకు ఉద్యోగం ఇచ్చినట్టుందే మీ సెల్లి" అని. పేలాల ఉండలు, తాటి బెల్లం, గాజులు. దానికి నేర్పిన మొదటి పాట నాది, దానికి కట్టిన మొదటి జడ నాది. నన్ను సూస్తే సాలు "పెద్దమ్మా" అని ఉరికొచ్చీది. దాని మొహం నిండా మసే. నుదుటి మీద ఒకటి, బుగ్గ మీద ఒకటి, అరికాల్లో ఒకటి, సెవి ఎనక ఒకటి. "ఏటే, పిల్లకి బొట్టెట్టినారా, పొయ్యిలో దొర్లించినారా?" అని ఏళాకోళం ఆడీదాన్ని. నువ్వూ నవ్వీదానివి.

ఆ నవ్వు కూడా ఇప్పుడు నమ్మకం నేదే నాకు.

మొన్న ఏసంగిలో తట్టు పోసింది దానికి. తట్టు తగ్గింది గాని మీ అత్త పత్యం తగ్గనేదు. ఆకుకూర ఒద్దు, సేప ఒద్దు, పాలు ఒద్దు. ఉత్త గంజి, ఉప్పు. బయటికి తేవొద్దు, ఎవరి కంటా పడనీకు, సీకటి గదిలో ఉంచు. పిల్ల ఒడిలిపోయి పుల్లలాగయిపోయింది. నాను అడిగితే "పత్యం అప్పా" అన్నావు. పోన్లే, ఇంటి పెద్ద సెప్పింది అనుకున్నాను.

ఒక నాడు పొద్దుగూకీ ఏళ, దీపం పెట్టకముందు, పేలాల ఉండ ఇచ్చానే దానికి. సెయ్యి సాపింది. ఉండ ఇక్కడుంటే దాని సెయ్యి అక్కడెక్కడో గాలిలో తడుముతంది. ఆడుతందనుకున్నాను. "ఇదిగోనే" అన్నాను. మళ్లీ తడిమింది. మంచం కోడు కొట్టుకుని పడింది. ఏడవనేదు కూడా. అలవాటైపోయినట్టు లెగిసి నిలబడింది.

అప్పుడన్నాను నాను. "ఒసే బుల్లీ, పిల్లకి మునిసీకటేళ కళ్లు కనబడ్డం నేదే" అన్నాను. అంతే. అదే నాను సేసిన నేరం.

నీ మొహం ఎలగైపోయిందో సూసాను. గున్నమ్మత్త సుట్ట నోట్లోనే ఆగిపోయింది. పిల్లకి కళ్లు కనబడ్డం నేదన్న మాటకి కాదు మీరు ఉలిక్కిపడింది. ఆ మాట నా నోట్లోంచి ఒచ్చినందుకు. అప్పటికెన్నాళ్ల నుంచి అది తడుముకుంటందో, మంచాలు కొట్టుకుంటందో, మీకెవరికీ కనబడనేదు. కనబడింది నాకు. కనబడింది గనక, తగిలించింది నానే!

సూసినోళ్లది తప్పైతే, ఇంక పిల్లలకి రోగం ఒస్తే ఎవరు సెప్తారే? అందరూ కళ్లు మూసుకుని కూకోవాలా?

నాను మర్నాడే మా ఊళ్లో నర్సమ్మ కాడికెళ్లాను. టీకాలెయ్యడానికొస్తాది, ఆవిడ. అంతా సెప్పాను. తట్టు పోసినాక, తిండి సరిగ్గా నేకపోతే ఇలగొస్తాదంట. రేసీకటంట. తెల్లగుడ్డు మీద నురగలాంటి మచ్చ ఉందా అని అడిగింది. ఉంది. నాను సూసాను. "నల్లగుడ్డు దాకా రాకముందే విజీనగరం పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. సేపనూనె మందు ఇస్తారు, కళ్లు నిలబడతాయి. నల్లగుడ్డు పాడైతే మాత్రం ఇంక ఎవరూ ఏటీ సెయ్యనేరు" అన్నాది.

అది సెప్పడానికే పరిగెత్తుకొచ్చాను ఆ మంగళారం. మునగాకు కోసుకుని సంచిలో కుక్కి తెచ్చాను. నువ్వేటి సేసినావు? పీటేసినావు. మజ్జిగిచ్చినావు. "అలగేలే అప్పా, ఈయనొచ్చాక సెప్పి తీసుకెళ్తాం" అన్నావు. నవ్వినావు కూడా. నీ మొగుడు, నా మరిది అప్పలసూరికి ఏది సెప్పినా ఒకటే మాట, "మాయమ్మనడగండి" అంటాడు. అయినా నువ్వు మాటిచ్చినావు గదా అనుకుని ఎళ్లిపోయాను.

గొడుగు మర్సిపోయానే. కళ్లం దాటినాక గుర్తొచ్చి ఎనక్కి తిరిగాను.

వాకిట్లోకొచ్చీసరికి, తడి నేల మీద నా అడుగులు పడ్డ కాడ మట్టి గోకీసి ఉంది. కోడి గోకిందనుకున్నాను. ఒలమ్మ, ఎంత ఎర్రిదాన్ని! అట్లకాడ గీతలు కూడా ఉన్నాయి, అయినా కోడే అనుకున్నాను, నా పాదాల మట్టి దిష్టికి ఎత్తుకెళ్లినారని తట్టనేదు. తలుపు దగ్గరకేసుంది. లోపల్నుంచి పొగ. మిరపకాయలు మాడుతన్నాయి. నీ గొంతు ఇనబడింది.

"ఇరుగు కన్ను, పొరుగు కన్ను, ఊరి కన్ను, వాడ కన్ను, కూర్మమ్మ కన్ను."

తడుముకోనేదే నువ్వు! ఎక్కడా ఆగనేదు. పేరు పెట్టి, అప్ప అనైనా అనకుండా, కూర్మమ్మ కన్ను అన్నావు. కొత్తగా అన్న మాట అలగ రాదే బుల్లీ. ఎన్నిసార్లు అంటే అంత నున్నగా ఒస్తాది? నాను గడప దాటినప్పుడల్లా అన్నావా? ఆ నాలుగేళ్లూ అన్నావా? పేలాల ఉండలిచ్చి ఎళ్లినప్పుడు, జడేసి ఎళ్లినప్పుడు, తట్టు పోసినప్పుడు ఏపాకు పట్టుకుని నీ పక్కన కూకుని ఎళ్లినప్పుడు? నాను బండెక్కగానే నువ్వు పొయ్యి కాడికెళ్లీదానివా?

సెప్పవే. ఒక్కసారైనా అననేదని సెప్పు. అబద్ధమైనా సెప్పు.

తలుపు కాడనుంచి జరక్కు.

ఇంకా ఉంది, ఇను. మిరపకాయలు మాడితే ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు. ఘాటొచ్చి అందరూ దగ్గితే దిష్టి నేనట్టు. ఇది నాను పెట్టిన లెక్క కాదు, మీ అత్త పెట్టిందే, అమ్మలక్కలందరూ సెప్పీదే. లోపల మీ అత్త అడిగింది, "ఘాటొస్తందా?" అని. నువ్వు "నేదత్తా, బొత్తిగా నేదు" అన్నావు.

బయట నాను దగ్గుతో సచ్చిపోతన్నానే! కొంగు నోట్లో కుక్కుకున్నాను. కళ్లంట, ముక్కంట నీళ్లు. వీధిలో కుక్క కూడా తుమ్మి పారిపోయింది. మీరేమో ముక్కులకి కొంగులడ్డెట్టుకుని ఘాటు నేదంటన్నారు! లోపల్నుంచి తవిటమ్మ దగ్గు ఇనబడింది నాకు. పిల్ల దగ్గుతంది, నాను దగ్గుతన్నాను. మీ లెక్కలోనే నా కన్ను మంచిదని తేలిపోయింది. మీకే ఒప్పుకోడం ఇష్టం నేదు.

ఎందుకో తెలుసా? నాదే అయితే మీకు సులువు. నీళ్లు పట్టించకపోడం తప్పు కాదు, పత్యం తప్పు కాదు, సీకటి గది తప్పు కాదు. అన్నిటికీ కూర్మమ్మ కన్నుంది.

నాను తలుపు తట్టనేదు. గొడుగక్కర్నేదు అనుకుని ఎళ్లిపోయాను. మీ బావకి కూడా సెప్పనేదు. ఆయనడిగితే, పొలాల కాడ మిరపకాయలు ఎండబోసినారు, అందుకే కళ్లెర్రగున్నాయి అన్నాను. నీ పరువు కాపాడాను సూడు, అప్పటికి కూడా.

యముడొస్తాడని బయమేసినప్పుడు ఈ గొడ్రాలు కావాలి. పిల్ల బతికి బట్టకట్టినాక ఈ గొడ్రాలి సూపే పనికిరాదు. రెండూ ఒక్క మనిషే గదే! ఒక్కటే కళ్లు! ఏ పూటకా పూట మీకెలగ కావాలంటే అలగ ఎలగ మారుతాయి అవి?

ఇదిగో. ఇటు సూడు, సందులోంచి సూడు. ఈ మూటేటో తెలుసా?

ఆ తవుడే. నువ్వు నా కొంగులో పోసిందే. నాను ఆవుకి పెట్టనేదు. గుడ్డలో కట్టి మా ఇంటి దూలానికి ఏలాడగట్టాను. మీ బావ పారెయ్యమన్నాడు, పారెయ్యనేదు. పురుగు పట్టీసింది. సగం పిండైపోయింది. అయినా తెచ్చాను. నీ తవుడు నువ్వు తీసుకో, నా పిల్లని నాకిచ్చీ. బేరం నాకొద్దు. అమ్మకం రద్దు. మీకు ఈ లెక్కలే గదా తెలిసింది, ఈ లెక్కలోనే అడుగుతన్నాను. గడప మీద పోస్తన్నాను, సూడు. ఇప్పుడది నాది. ఇచ్చీ.

విజీనగరం పేసింజరు ఇంకాసేపట్లో ఒస్తాది. బండి రోడ్డు మీద నిలబెట్టే ఉంచాను.

ఏటీ? మళ్లీ సెప్పు?

అలగా. యముడికి మళ్లీ తెలుస్తాదా. అమ్మకం రద్దయితే పిల్ల పోతాదా. ఇది మీ అత్త అందిస్తన్న మాటా, నీదేనా? లోపల ఆవిడ సుట్ట కంపు ఇక్కడికే కొడతంది. ఏటత్తా, నీకు దండవే. నానేటి అన్నా దానికో మెలికుంటాది నీ కాడ.

మరేటి సెయ్యమంటావే? తలుపు ఇరగ్గొట్టమంటావా? పోలీసోణ్ని తెమ్మంటావా?

...అది తవిటి గొంతే గదా? పెద్దమ్మేదీ అంటందా? ఇక్కడే ఉన్నానమ్మా. తలుపు ఇవతల ఉన్నాను. కాదమ్మా, అటు కాదు. ఇటు. గొంతు ఒచ్చినవేపు రా.

అయ్యో. దేన్ని కొట్టుకుందే అది? రోలా? దెబ్బ తగిలిందా? సూడవే ముందు, నన్ను కాదు, దాన్ని సూడు!

పగలే బుల్లీ. పెణక సందుల్లోంచి ఇంత ఎలుతురు పడతన్నా. మొన్నటిదాకా సీకటేళే గదా తడుముకునీది.

ఏడవకు. తలుపుకేసి తల కొట్టుకోకు. నీకూ తెలుసు. నీకెప్పుడో తెలుసు. మీ అత్తని దాటి, జోగయ్యని దాటి, గడప దాటనేకపోతన్నావు. జోగయ్య సెప్పింది జరిగితే తప్ప నీ సెయ్యి గడియ మీదకి పోదు. అంతేనా?

సరే.

సరేనే. గున్నమ్మత్తా, ఆ సుట్ట నోట్లోంచి తీసి సరిగ్గా ఇను. జోగయ్యా, అరుగు దిగి ఇలారా. ఎదురింటోళ్లు, పక్కింటోళ్లు, గోడల మీంచి తొంగి సూడక్కర్నేదు, ఇవతలికే రండి. నలుగురూ కావాలంట గదా. అందరూ ఇనండి.

తవిటమ్మకి తగిలింది నా కన్నే. నాను, కూర్మమ్మని, బిడ్డా పాపా నేనిదాన్ని. నా సెల్లెలి పిల్లని సూసి ఓర్వనేకపోయాను. నా కన్నే తగిలింది.

సాలా? ఇంకా గట్టిగా అనాలా? జోగయ్యా, నువ్వే తెల్లబోతావేటి, నీ మందే గదా.

రెండో ముక్క మర్సిపోకండి మరి. ఎవరి కన్ను తగిలిందో ఆళ్ల సేత్తోనే దిష్టి తియ్యాలి. ఎక్కడ తియ్యాలో జోగయ్య సెప్పనేదు. నాను విజీనగరం పెద్దాసుపత్రిలో తీస్తాను. ఉప్పుతో కాదు, మిరపకాయతో కాదు, ఆళ్లిచ్చిన సేపనూనె మందుతో తీస్తాను. ఎన్నాళ్లు పడితే అన్నాళ్లు ఆ వరండాలో పడుకుని తీస్తాను. కాదనడానికి నేదు, మీ మాటే ఇది.

తవిటికి సూపొస్తే మీరేటంటారో నాకు తెలుసు. "సూసారా, ఒప్పుకున్నాది, సూపొచ్చింది, ఆవిడ కన్నే" అంటారు. మందు పేరు ఒక్కరూ ఎత్తరు. ఇంక ఈ సుట్టుపక్కల ఏ ఇంట్లో పిల్ల తుమ్మినా నా పేరే. బారసాలకి పిలవరు. బండిలో పక్కన కూకోరు. రాకపోతే మటుకు? అదీ నాదే. అనండి. తవిటి కూడా పెద్దయ్యాక అంటాదేమో. అననీ. ఆ అనీటప్పుడు నా మొహం సూసి అంటే సాలు.

ఏటి, తీస్తన్నావా? గడియ సప్పుడైంది.

అదిగో మళ్లీ ఆగినావు. ఇంకా బయమేనా? నా సేతికి ఇచ్చీటప్పుడు నాను సూస్తాననా?

నీ జిమ్మడ! నిన్ను పెంచిన దానికి ఇదీ ఉంది గావాల. ఇదిగో, కొంగు కళ్లకి అడ్డంగా కట్టీసుకున్నాను. గట్టిగానే కట్టుకున్నాను. నాకేటీ కనబడ్డం నేదు. సేతులు సాపాను, సూడు, తడుముతన్నాను. పిల్లని నా సంకలో పెట్టు, బుల్లీ. పేసింజరు ఎళ్లిపోతాది.